మసి పట్టిన మాట: ‘కాలీడ్’ గురించి

(కొత్తగూడెంలో ఇంగ్లీషు సాహిత్య విద్యార్థుల కోసం జరిగిన సభలో ఒక విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి, రండి. మొహమాటం వద్దు.

ఈరోజు నేను మాట్లాడేది ఒకే ఒక్క మాట గురించి. ఇంగ్లీషులో ఇప్పుడు ఎవరూ వాడని మాట. ‘కాలీడ్’. రాసుకోండి: సి, ఓ, రెండు ఎల్‌లు, ఐ, ఇ, డి. నిఘంటువు తీస్తే ‘నల్లబడిన’ అని అర్థం ఉంటుంది, పక్కన ‘ప్రాచీనం’ అని గుర్తు ఉంటుంది. ఆ అర్థం తప్పు కాదు, కానీ చాలదు. ఎందుకు చాలదో చెప్పడానికే వచ్చాను.

షేక్స్పియర్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ మొదటి అంకం మొదటి రంగం గుర్తు తెచ్చుకోండి. 1595, 96 ప్రాంతంలో రాసిన నాటకం. హెర్మియాని వేరే అబ్బాయికిచ్చి చేస్తానని తండ్రి పట్టుబట్టాడు. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. ఆమె ప్రేమించిన లైసాండర్ ఆమెతో అంటాడు: నిజమైన ప్రేమకి ఎప్పుడూ ఏదో ఒక అడ్డు, యుద్ధమో చావో రోగమో వచ్చి పడుతుంది, ప్రేమ నిలిచేది క్షణమే. ఎంత క్షణం? కాలీడ్ రాత్రిలో మెరిసిన మెరుపంత. ఒక్క వెలుగులో ఆకాశమూ భూమీ కనిపిస్తాయి. ‘అదిగో!’ అనేలోపు చీకటి నోరు తెరిచి మింగేస్తుంది.

ఇక్కడ ఆగండి. రాత్రి నల్లగా ఉంటుంది, అది అందరికీ తెలిసిందే. ‘నల్లటి రాత్రి’ అనడానికి షేక్స్పియర్‌కి ‘బ్లాక్’ అనే మాట చేతిలోనే ఉంది. మరి ‘కాలీడ్’ ఎందుకు?

ఎందుకంటే ‘కాలీ’ అంటే మసి. పొయ్యి మసి, పొగగొట్టం మసి, బొగ్గు మసి. శామ్యూల్ జాన్సన్ 1755లో వేసిన తన నిఘంటువులో ‘కాలీ’ అంటే బొగ్గు మసి అనే అర్థం ఇచ్చాడు. అదే క్రియ అయితే మసి పూయడం, మసి చేయడం. కాబట్టి కాలీడ్ రాత్రి అంటే నల్లగా పుట్టిన రాత్రి కాదు. మసి పూసిన రాత్రి. చుక్కలూ చంద్రుడూ ఉండాల్సిన ఆకాశం మీద ఎవరో మసి చేయి పెట్టి తుడిచారు. కింద వెలుగు ఉంది, పైన మసి ఉంది. మెరుపు ఆ మసిని ఒక్క క్షణం చీల్చింది.

తేడా తెలుస్తోందా? మన భాషలో ఈ తేడా మనకి పుట్టుకతోనే తెలుసు. నల్లరాయిని ‘మసిబారింది’ అని ఎవరైనా అంటారా? అనరు. మసిబారాలంటే అంతకుముందు అది ఇంకోలా ఉండాలి. నలుపు ఒక రంగు, మసి బయటి నుంచి వచ్చి పడ్డది. ఈ ఒక్క తేడా పట్టుకోండి. ఇవాళ్టి సంగతంతా దీని మీదే నడుస్తుంది.

సరే, ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

పాత ఇంగ్లీషులో ‘కోల్’ అనే మాట ఉంది. ఇప్పుడు మనం ‘కోల్’ అంటే గని బొగ్గు అనుకుంటాం. ఆ రోజుల్లో కాదు. అప్పుడు ఆ మాటకి అర్థం నిప్పు, రగులుతున్న నిప్పుకణిక. తరవాత ఆరిన కట్టె బొగ్గుకీ అదే మాట. మనకి నిప్పు వేరు, బొగ్గు వేరు. వాళ్ళకి రెంటికీ ఒకటే. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, శత్రువుకి అన్నం పెడితే అతని తల మీద ‘కోల్స్’ కుప్ప పోసినట్టు అని ఉంటుంది. తెలుగు బైబిలు చదివేవాళ్ళు ఇక్కడ ఉన్నారు కదా, మీకు అక్కడ ఏమని ఉంది? ‘నిప్పులు’ అని ఉంది. బొగ్గులు అని లేదు. అనువదించినవాళ్ళు పాత అర్థమే పట్టుకున్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ‘కాలీ’ అనగానే మన చెవికి ‘కాలి నల్లబడింది’లో ‘కాలి’ వినిపిస్తుంది. ఇంకా ముందుకెళ్ళి సంస్కృతంలో ‘కాల’ అంటే నలుపు కదా, కాళి కదా అంటారు. ఎంత చక్కగా కలిసిందో అనిపిస్తుంది. కానీ కలవలేదు. వినడానికి ఒకేలా ఉన్నంత మాత్రాన మాటలు చుట్టాలు కావు. చుట్టరికం తేల్చడానికి ఒక లెక్క ఉంది. ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల్లో మొదట ‘క’ ధ్వని ఉన్న పాత మాటకి సంస్కృతంలో సాధారణంగా ‘గ’ గానీ ‘జ’ గానీ వస్తుంది. ఇంగ్లీషు ‘కౌ’, సంస్కృతం ‘గో’. ఇంగ్లీషులో మోకాలుకి ‘నీ’ అంటారు, దాని స్పెల్లింగులో ముందున్న ‘కె’ ఒకప్పుడు పలికేవాళ్ళు, సంస్కృతం ‘జాను’. తెలుసుకోవడానికి ‘నో’ అంటారు, అక్కడా ‘కె’ ఉంది, సంస్కృతం ‘జ్ఞా’. మూడూ ఒకే దారిలో నడిచాయి చూడండి. ఆ లెక్కన ‘కోల్’కి సంస్కృతంలో చుట్టం ఉంటే అది ‘కాల’ కాకూడదు, ‘జ’తోనో ‘గ’తోనో మొదలవ్వాలి. అందుకే కొందరు భాషాచరిత్రకారులు దీన్ని ‘జ్వల’తో కలుపుతారు. జ్వాల, ప్రజ్వలనం, ఆ ‘జ్వల’. అందరూ ఒప్పుకున్న సంగతి కాదు. కానీ మొదటి అర్థం నిప్పు అని చెప్పాను కదా, దానికి ఇది సరిగ్గానే అతుకుతుంది.

ఇదే సందర్భంలో ఇంకో రెండు ముక్కలు. ఇంగ్లీషులో నలుపుకి మొదట గట్టిగా వాడిన మాట ‘స్వార్ట్’. జర్మన్‌లో ఇప్పటికీ ‘ష్వార్ట్స్’ అంటే నలుపే. ఇంగ్లీషులో అది ‘స్వార్థీ’ అనే మాటలో మిగిలింది, చామనఛాయ మనిషి అని. ఇక ‘బ్లాక్’ మూలానికి అర్థం ‘కాలినది’. మంట అంటే మొదట వెలుగు కదా, అందుకని తెల్లగా చేసే ‘బ్లీచ్’ని కూడా అదే కుటుంబంలో వేస్తారు. దీని గురించి ఇంకో రోజు మాట్లాడుకుందాం.

మనం ‘కోల్’ దగ్గరికి వద్దాం. పదమూడో శతాబ్దంలో ‘కింగ్ హార్న్’ అనే కథాకావ్యం ఉంది. హార్న్ అనే రాజకుమారుడు, అతను ప్రేమించిన పిల్లకి వేరేవాడితో పెళ్ళి జరుగుతోంది. మారువేషంలో వెళ్ళాలి. ఒక యాత్రికుడి దగ్గర బట్టలు మార్చుకుంటాడు. బట్టలు మార్చుకుంటే చాలా? చాలదు. మెడ మీద తెల్లగా మెరిసే చర్మం రాజకుమారుడని పట్టిచ్చేస్తుంది. అందుకని మెడకి మసి పూసుకుంటాడు. అక్కడ వాడిన క్రియ ‘కోల్’ నుంచి వచ్చిందే. మనవాళ్ళు మసిపూసి మారేడుకాయ చేశాడు అంటారే, అక్షరాలా అదే పని. పట్టుకోవాల్సిన విషయం ఏమిటంటే, మసి అతన్ని మార్చలేదు. కప్పింది. పెళ్ళికూతురి ఎదట అతను తనెవరో చెప్పినప్పుడు, ఆ మెడ తుడుచుకుంటే చాలు.

ఇంగ్లీషు కవి చాసర్ దగ్గర ఇంకో అందమైన వాడుక ఉంది. పద్నాలుగో శతాబ్దం చివర, కోడిపుంజు కథ. పుంజుకి కల వస్తుంది, ఎర్రటి పసుపు రంగులో ఒక జంతువు, తోక కొసా రెండు చెవుల కొసలూ మాత్రం నలుపు. తరవాత ఆ జంతువు నిజంగానే వస్తుంది. చాసర్ దాన్ని ‘కోల్ ఫాక్స్’ అంటాడు, బొగ్గు నక్క. ఒళ్ళంతా నల్లగా ఉండడం వల్ల కాదు, కొసలు బొగ్గులో ముంచి తీసినట్టు ఉండడం వల్ల. మళ్ళీ చూడండి, అంటుకున్న నలుపే!

పదిహేనో శతాబ్దపు పాట ఒకటి ఉంది, రాసినవాడి పేరు తెలీదు. పక్కింట్లో కమ్మరివాళ్ళు రాత్రంతా సమ్మెట దెబ్బలతో నిద్ర పట్టనివ్వడం లేదని విసుక్కుంటాడు. పొగకి స్వార్ట్‌గా మారిన కమ్మరివాళ్ళు, అని మొదలు. వాళ్ళు ‘కోల్! కోల్!’ అని అరుస్తుంటారు, బొగ్గు తెండి, బొగ్గు తెండి అని. తిత్తులు ఊదే చప్పుడు కూడా ఆ పాటలో వినిపిస్తుంది. దొరికితే చదవండి, పైకి చదవండి, కమ్మరి కొలిమి ముందు నిలబడినట్టు ఉంటుంది.

ఇక అక్కడి నుంచి లండన్.

అడవులు తగ్గాయి, కట్టె ధర పెరిగింది. ఉత్తరాన న్యూకాజిల్ నుంచి ఓడల్లో నేల బొగ్గు వచ్చేది. సముద్రం మీద వచ్చేది కాబట్టి ‘సీ కోల్’ అన్నారు, కట్టె బొగ్గు నుంచి వేరు చేయడానికి. ఆ పొగ భరించలేక మొదటి ఎడ్వర్డ్ రాజు 1306 ప్రాంతంలోనే లండన్‌లో దాన్ని కాల్చొద్దని ఆజ్ఞ ఇచ్చాడు. ఆగిందా? ఆగలేదు. షేక్స్పియర్ నాటికి లండన్ ఇళ్ళలో సీ కోల్ మామూలు అయిపోయింది. ఆయన నాటకాల్లోనే మిస్ట్రెస్ క్విక్లీ అనే సత్రం యజమానురాలు, సీ కోల్ మంట పక్కన కూర్చుని నాకు మాటిచ్చావు కదా అని ఫాల్‌స్టాఫ్ అనే అతనికి గుర్తు చేస్తుంది. 1661 నాటికి జాన్ ఎవ్లిన్ అనే ఆయన లండన్ పొగ మీద ఒక చిన్న పుస్తకమే రాసి రాజుకి సమర్పించాడు.

ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, షేక్స్పియర్ నాటకం చూడ్డానికి వచ్చినవాడి మెడపట్టీ మీద కూడా మసి ఉంది. 1608లో అచ్చయిన ఒక నాటకంలో రాత్రి వీధిలో నడుస్తున్న ఒకడు కాగడా పట్టుకున్నవాడిని కసురుకుంటాడు: ఆ కాగడా అటు పక్కకి పట్టుకో, నా మీదా నా రఫ్ మీదా మసి పోస్తున్నావు అని. రఫ్ అంటే మెడ చుట్టూ గుండ్రంగా కుచ్చులు కుచ్చులుగా పెట్టుకునే తెల్లటి పట్టీ, గంజి పెట్టి నిలబెట్టేది. దాని మీద ఒక్క మసి చుక్క పడితే ఏమవుతుందో ఊహించండి. ‘మసి పోస్తున్నావు’ అనడానికి అతను వాడింది మన మాటే. అంటే ఇది కవుల పెట్టెలో దాచుకున్న మాట కాదు. వీధిలో మాట. ‘కాలీడ్ రాత్రి’ అనగానే ఆ జనానికి ముక్కులో పొగ వాసన తగిలి ఉంటుంది. మనకి ఇవాళ అది ఫుట్‌నోట్ అయింది.

తరవాత ఏమైంది? నెమ్మదిగా పల్లెలకి పోయింది. పద్దెనిమిదో శతాబ్దంలో షేక్స్పియర్‌కి వ్యాఖ్య రాసిన జార్జ్ స్టీవెన్స్, మిడ్‌లాండ్స్ జిల్లాల్లో, అంటే ఇంగ్లండు నడిమి ప్రాంతంలో, ఇంకా వాడతారని తనకి చెప్పారని రాశాడు. క్రిస్మస్‌కి పాడే పన్నెండు రోజుల పాట మీలో కొందరు చర్చిలోనో స్కూల్లోనో పాడే ఉంటారు. నాలుగో రోజు కానుక ఏమిటి? నాలుగు ‘కాలింగ్ బర్డ్స్’. పిలిచే పక్షులు. 1780లో అచ్చేసిన పాఠంలో అవి ‘కాలీ బర్డ్స్’. మసి రంగు పిట్టలు, నల్ల పిట్టలు. 1909లో ఫ్రెడరిక్ ఆస్టిన్ బాణీ కట్టి అచ్చేసినప్పుడు ‘కాలింగ్’ అని వచ్చింది. అప్పటికి ‘కాలీ’ అంటే ఏమిటో పాడేవాళ్ళకి తెలియకుండా పోయిందన్నమాట.

ఎందుకు పోయింది? నా ఉద్దేశం చెప్తాను. ‘కోల్’లో అచ్చు సాగింది, ‘కాలీ’లో పొట్టిగానే ఉండిపోయింది. తల్లీబిడ్డల పోలిక చెవికి తెలియకుండా పోయింది. ఈలోపు మసికి ‘సూట్’, ‘స్మట్’, ‘గ్రైమ్’ అని వేరే మాటలు ఉండనే ఉన్నాయి. అర్థం చెప్పకుండా తెలిసే మాటలు ఉంటే అర్థం చెప్పాల్సిన మాట వెనకబడుతుంది.

కానీ ఒక చోట బతికి ఉంది. ఎక్కడో కాదు, మీ ఊళ్ళో. బొగ్గు కాల్చేవాడు, అడవిలో కట్టెలు పేర్చి మట్టి కప్పి బొగ్గు చేసేవాడు, ఇంగ్లీషులో ‘కాలియర్’. తరవాత గనిలో బొగ్గు తవ్వేవాడు కూడా కాలియర్. వాడు పనిచేసే చోటు ‘కాలియరీ’. మనం ఏమంటాం? కాలరీ. సింగరేణి కాలరీస్! 1870ల మొదట్లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ పట్టుకున్నాడు, 1920లో కంపెనీ ఈ పేరు పెట్టుకుంది. రోజూ బస్సు మీదా బోర్డు మీదా చూస్తున్నారు. షేక్స్పియర్ మాటకి అన్నదమ్ముల బిడ్డ అది.

మా నాన్న బాయిలో, అంటే బొగ్గు గనిలో, పనిచేశాడు. ఇక్కడ చాలామంది నాన్నలు చేసినట్టే. షిఫ్టు దిగి వచ్చాక ముఖం సబ్బుతో రెండుసార్లు కడిగేవాడు. బుగ్గలు వచ్చేవి, నుదురు వచ్చేది. కంటి రెప్పల అంచున మాత్రం బొగ్గు దుమ్ము పోయేది కాదు. కాటుక పెట్టుకున్నట్టు సన్నగా గీత. గోళ్ళ మూలల్లో, మోచేతి ముడతల్లో కూడా ఉండేది, కానీ కళ్ళ దగ్గరే గుర్తు. పెళ్ళికి పోయినా ఆ గీత చూసి బాయి మనిషి అని పోల్చేవాళ్ళు. ఈ మనుషుల్ని మన దగ్గర ‘నల్ల సూర్యులు’ అంటారు. ఆ నలుపు పని ఇచ్చిందని, అది మనిషి రంగు కాదని ఈ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అందుకే ఈ మాట గురించి ఇక్కడ మాట్లాడాలని అనిపించింది.

ఇప్పుడు అసలు చోటికి వస్తున్నాను. షేక్స్పియర్ నాటకం ‘ఒథెల్లో’.

రెండో అంకం మూడో రంగం. సైప్రస్. రాత్రి. సేనాపతి ఒథెల్లో కింద అధికారి కాసియో తాగి గొడవపడ్డాడు, కత్తులు దూశారు. ఒథెల్లో నిద్ర లేచి వచ్చాడు. ఎవరు మొదలుపెట్టారని అడుగుతున్నాడు, ఎవరూ చెప్పడం లేదు. అప్పుడంటాడు: నా రక్తం నన్ను కాపాడే బుద్ధినే ఏలడం మొదలుపెట్టింది, ఆవేశం నా వివేకాన్ని కాలీడ్ చేసి ముందు నడవాలని చూస్తోంది.

ఇక్కడ ఒక పాఠభేదం ఉంది. 1623లో షేక్స్పియర్ నాటకాలు కలిపి వేసిన పెద్ద పుస్తకాన్ని ఫోలియో అంటారు, అందులో ‘కాలీడ్’. అంతకుముందు ఏడాది, 1622లో ఈ ఒక్క నాటకాన్నే వేసిన చిన్న పుస్తకం, క్వార్టోలో ఆ చోట ‘కూల్డ్’ అని ఉంది. చల్లబరిచి. ఏది సరి? ఆవేశం దేన్నైనా చల్లబరుస్తుందా? రక్తం ఉడుకుతోందని ఇప్పుడే చెప్పినవాడు వెంటనే చల్లబడిందంటాడా? నా ఓటు ఫోలియోకే. అచ్చు కూర్చేవాడికి తెలియని మాట కనిపిస్తే తెలిసిన మాట పెట్టేస్తాడు, అది ఎప్పుడూ జరిగేదే. తెలిసిన ‘కూల్డ్’ని తీసి ఎవరూ ఎరగని ‘కాలీడ్’ పెట్టడు కదా.

ఇప్పుడు ‘కాలీడ్’ని ‘నల్లబడింది’ అని చదవండి. వివేకం నల్లబడింది. సరే. అదే ‘మసి పట్టింది’ అని చదవండి. లాంతరు చిమ్నీకి మసి పడితే ఏమవుతుంది? లోపల వత్తి వెలుగుతూనే ఉంటుంది. గది చీకటవుతుంది. ఒథెల్లో చెబుతున్నది అదే. నా వివేకం ఆరిపోలేదు, దాని మీద పొగ చూరుతోంది, నాకు తెలుస్తోంది, జాగ్రత్త. ఆ క్షణంలో అతను ఇంకా తన మీద తనకి అదుపు ఉన్న మనిషి.

పలుకుతున్నది ఎవరు? మూర్. పుట్టుకతో నల్లటి మనిషి. అతని నోట నలుపు అనే మాట రాలేదు, మసి అనే మాట వచ్చింది. నా చర్మం నాది, మసి బయటిది. ఈ రెండూ వేరని అతనికి అప్పటికి స్పష్టంగా తెలుసు.

మూడో అంకానికి రండి. భార్య డెస్డిమోనా మోసం చేస్తోందని, అతని కింద పనిచేసే ఇయాగో చెవిలో విషం పోశాక. ఇప్పుడు ఒథెల్లో ఏమంటున్నాడు? డయానా దేవత ముఖంలా స్వచ్ఛంగా ఉన్న నా పేరు ఇప్పుడు మసిబారి, నా ముఖంలా నల్లబడింది అంటాడు. ఫోలియోలో ‘నా పేరు’ అనే ఉంది. విన్నారా? ఇప్పుడు మసి, తన ముఖం, రెండూ ఒకటైపోయాయి. తుడిస్తే పోయే మసినీ తనతో పుట్టిన రంగునీ ఒకే వాక్యంలో కలిపేశాడు. తన ఒంటి రంగే ఒక మరక అని అతని చేత అనిపించారు. డెస్డిమోనా రుమాలుని దొంగ సాక్ష్యంగా వాడి ఇయాగో చేసిన పని అందరూ రాస్తారు. ఈ పని ఎవరూ రాయరు. నాకు ఆ నాటకంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఈ చోటే. డెస్డిమోనా చావు తరవాత వస్తుంది, ఒథెల్లో మాత్రం ఇక్కడే సగం చచ్చిపోయాడు.

‘కాలీడ్’ని ‘బ్లాకెన్డ్’ అని మార్చి చదివితే ఈ రెండు చోట్ల మధ్య దూరం కనిపించదు. రెండూ నలుపే కదా అనుకుంటాం. దూరం ఉంది. రెండో అంకం నుంచి మూడో అంకానికి అతను ఎంత కిందికి జారాడో కొలవడానికి ఆ దూరమే కొలత.

ఇంకో సంగతి. 1604 నవంబరు 1న వైట్‌హాల్ రాజభవనంలో ఈ నాటకం ఆడినట్టు దాఖలా ఉంది. ఒథెల్లో వేషానికి పేరు పొందినవాడు రిచర్డ్ బర్బేజ్, తెల్లవాడు, ముఖానికి నలుపు పూసుకుని వేశాడు. రెండు నెలలు తిరిగాయి. 1605 జనవరిలో అదే రాజభవనంలో బెన్ జాన్సన్ రాసిన ‘మాస్క్ ఆఫ్ బ్లాక్‌నెస్’ అనే రాజసభ ప్రదర్శనలో రాణి ఆన్, ఆమె చెలికత్తెలు ముఖాలకీ చేతులకీ నల్లరంగు పూసుకుని ఆడారు. అంటే ‘నా వివేకానికి మసి పట్టింది’ అని వేదిక మీద నటుడు అంటుంటే, చూసేవాళ్ళకి మసి పూసిన ముఖమే కనిపిస్తోంది. ఆ తరవాత రెండు వందల ఏళ్ళకి పైగా అలాగే నడిచింది. 1833లో కోవెంట్ గార్డెన్ వేదిక మీద ఐరా ఆల్డ్రిడ్జ్ అనే నల్లజాతి నటుడు ఒథెల్లోగా నిలబడ్డాడు. 1930లో లండన్‌లోనే పాల్ రోబ్సన్. పూసుకోవాల్సిన అవసరం లేని ముఖం. ఆ ముఖం ఆ మాట అన్నప్పుడు మసి మసిలా, మనిషి మనిషిలా విడివిడిగా వినబడి ఉంటాయని నేను నమ్ముతాను.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలు ఉంటే అడగండి.

కుక్క గురించి అడుగుతున్నారు. స్కాట్లండ్ గొర్రెల కుక్క, ‘కాలీ’. అదీ మసి నుంచే వచ్చిందా అని. నలుపు రంగు కుక్కలు ఎక్కువ కాబట్టి అలా వచ్చి ఉండొచ్చని నిఘంటువులు అంటాయి, కానీ ‘ఉండొచ్చు’ దగ్గరే ఆగుతాయి. మనమూ అక్కడే ఆగుదాం.

ఇంకొకటి, ఆ అమ్మాయి. పరీక్షలో ఏం రాయాలి సార్ అంటోంది. మంచి ప్రశ్న తల్లీ. ‘బ్లాకెన్డ్’ అని రాస్తే మార్కు పోదు. నువ్వు ‘బ్లాకెన్డ్ విత్ సూట్’ అని రాయి. ఒథెల్లో వాక్యం వస్తే ఫోలియో, క్వార్టో పాఠాలు రెండూ రాసి, నీకు ఏది సరి అనిపిస్తోందో, ఎందుకో రెండు వాక్యాలు రాయి. నాతో ఏకీభవించకపోయినా ఫరవాలేదు. నిఘంటువులో వెతికేటప్పుడు ‘కాలీడ్’ కింద దొరక్కపోవచ్చు, ‘కాలీ’ కింద చూడు. చివర వై ఉంటుంది.